పెట్టెలో బెల్టు, పుల్లీ మీద బెల్టు

ఈ వారం కోపం ఒక కొత్త కారు డిక్కీలో మొదలైంది. బంధువుల అబ్బాయి కారు డెలివరీ తీసుకుంటూ ఈ కాలమిస్టును కూడా షోరూముకు రమ్మన్నాడు. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ఫొటోలు దిగారు. అంతా అయ్యాక డిక్కీలోని అట్ట ఎత్తి చూస్తే, స్టెప్నీ ఉండాల్సిన గుంటలో చిన్న గాలి పంపు, ఒక సీసాడు జిగురు కనిపించాయి. అదేమిటని అడిగితే సేల్స్ కుర్రాడు మర్యాదగా రూలు చెప్పాడు. ఆ రూలు నిజమే. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లలో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్ర రవాణా శాఖ 2020లో నిబంధనలు సవరించింది. మేకు దిగితే జిగురు సరిపోతుంది. టైరు పక్క గోడ చీలితే?

ఈ శీర్షికను మొదటి నుంచీ చదివేవాళ్లకు స్పేరు ఉండాలన్న ఈ పట్టుదల కొత్తేమీ కాదు. మిక్సీ జారు కింద అరిగిపోయే రబ్బరు కప్లర్ ఒకటి ఇంట్లో అదనంగా ఉండాలని రాసినప్పుడు వచ్చిన ఉత్తరాలు ఇంకా కట్టలుగానే ఉన్నాయి. కుక్కర్ గాస్కెట్ గురించి, కుళాయి వాషర్ గురించి కూడా ఇక్కడ చర్చ జరిగింది. విడిభాగం దగ్గరుంచుకున్నవాడు మరొకరి కోసం ఎదురుచూస్తూ కూర్చోడన్నది ఈ కాలమ్ పాత వాదన. దానికి గట్టి సాక్షులు కావాలంటే పాత క్యాంపర్ వ్యాన్లు నడిపేవాళ్లను పిలవాలి. పడక, పొయ్యి, సింకు, నీళ్ల డబ్బా అన్నీ లోపలే ఉన్న బండి అది. ఆగిపోతే బండే కాదు, ఆ రాత్రికి ఇల్లు కూడా రోడ్డు పక్కన ఆగిపోయినట్టే.

ఈ బండ్లలో అందరికీ తెలిసింది ఫోక్స్‌వాగన్ వ్యాను. 1947 ఏప్రిల్‌లో బెన్ పాన్ అనే డచ్చి దిగుమతిదారు తన నోటుబుక్కులో డబ్బా ఆకారపు బండి బొమ్మ ఒకటి గీశాడు. 1950 మార్చిలో జర్మనీలో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా కంపెనీ అందులో అమర్చుకునే పడక, అలమరల సామగ్రి తయారుచేసింది. రెండో తరం వ్యాను 1967లో వచ్చింది. జర్మనీలో 1979లో ఆగిపోయినా, బ్రెజిల్‌లో మార్పులతో 2013 చివరి దాకా తయారవుతూనే ఉంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ తప్పనిసరి చేసే చట్టం రావడంతో అక్కడా ఆగింది. చాలా ఏళ్లపాటు ఈ వ్యాను ఇంజినూ బీటిల్ కారు ఇంజినూ ఒకే కుటుంబం. బీటిళ్లు 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే యాభై ఏళ్ల బండికి కూడా ఇవాళ్టికీ పాయింట్లు, ప్లగ్గులు, కేబుళ్లు దొరుకుతున్నాయి.

ఈ కాలమిస్టు తమ్ముడి కొడుకు ఒకడు కాలిఫోర్నియాలో ఉంటాడు. తెనాలిలో పుట్టి పెరిగిన ఆ కుర్రాడి దగ్గర 1971 నాటి వెస్ట్‌ఫాలియా ఉంది. కప్పు సగం పైకి లేస్తుంది, లోపల గళ్ల పరదాలు. వెనక సీటు కింద చెక్కపెట్టె నిండా స్పేర్లే: ఫ్యాన్ బెల్టులు, పాయింట్లు, కండెన్సర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, పెట్రోలు పంపు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, వాల్వ్ కవర్ గాస్కెట్లు, ఫ్యూజులు, బల్బులు, బైండింగు వైరు. వాటి పక్కన జాన్ మ్యూర్ రాసిన రిపేరు పుస్తకం. ఇంజినీరు ఉద్యోగాలు వదిలేసి న్యూమెక్సికోలో బండ్లు బాగుచేసుకుంటూ బతికిన మ్యూర్ 1969లో దాన్ని తనే అచ్చు వేసుకున్నాడు. పీటర్ ఆష్‌వాండెన్ గీసిన బొమ్మలతో, పానా పట్టుకోవడం రానివాడికి కూడా అర్థమయ్యేలా రాసిన పుస్తకం. ట్యాపెట్ సెట్టింగ్ నేర్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. చదివేవాడికి భయం పోగొట్టే పుస్తకం ఇది.

ఆ పెట్టె చూసినప్పుడు గుంథర్ హోల్టోర్ఫ్ గుర్తుకొచ్చాడు. ఆయన గురించి ఇక్కడ ఎంత రాసినా తనివి తీరదు. లుఫ్తాన్సాలో పనిచేసిన ఈ జర్మన్, 1980ల చివర మెర్సిడెస్ 300 జీడీ జీపు ఒకటి కొని ఆఫ్రికా నుంచి మొదలుపెట్టాడు. వెనక సీట్లు తీసేసి పరుపు వేశాడు. భార్య క్రిస్టీన్, ఆయన హోటళ్ల జోలికి పోకుండా బండిలోనో, ఊయల మంచాల మీదో పడుకునేవాళ్లు. కప్పు మీద పెట్టెల్లో స్పేర్లు. బండి మోయాల్సిన బరువు కంటే ఎక్కువే మోసింది. 2010లో క్రిస్టీన్ చనిపోయింది. ఆమె కోరిక ప్రకారం ఆయన ఆగకుండా 2014 దాకా తిరిగాడు. మొత్తం దాదాపు 9 లక్షల కిలోమీటర్లు. ఆ బండి ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో ఉంది. స్పేర్ల పెట్టెను వెనకేసుకొచ్చేవాళ్లు ఆయన పేరు చెప్పకుండా ఉండరు. ఈ కాలమ్ కూడా అలాగే చెబుతూ వచ్చింది.

ఇక తెనాలి కుర్రాడి సంగతి. ఒక వేసవిలో వాడు సియెర్రా పర్వతాల అవతల, లీ వైనింగ్ ఊరి నుంచి టయోగా కనుమ ఎక్కుతున్నాడు. కనుమ ఎత్తు మూడు వేల మీటర్లకు పైనే, తూర్పు వైపు ఎక్కుడు నిలువుగా ఉంటుంది. సగంలో డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. వేరే కారులో ఆ దీపం వెలిగితే బ్యాటరీ చార్జి కావడం లేదని అర్థం. కొన్నింటిలో మెల్లగా నడుపుకుంటూ తర్వాతి ఊరు చేరుకోవచ్చు. ఈ వ్యానులో అలా కుదరదు. దీనికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఇంజినును చల్లబరిచేది గాలి ఒక్కటే. ఆ గాలి తోసే ఫ్యాను జనరేటర్ ఇరుసుకే బిగించి ఉంటుంది. ఆ రెంటినీ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే చార్జింగుతోపాటు చల్లదనమూ ఆగిపోతుంది. ఇంజిను కాలిపోకముందే ఆపెయ్యాలి. వాడు ఆపాడు.

"పెదనాన్నా, పెట్టెలో అన్నీ ఉన్నాయి. బెల్టులు కూడా ఉన్నాయి. కానీ ఒకటి పొడుగెక్కువ, ఇంకోటి పగుళ్లు. పుల్లీ నట్టుకు పట్టే పానా ఇంటి షెడ్డులో ఉండిపోయింది" అని ఫోనులో చెప్పాడు.

బెల్టులు కొన్నవి కొన్నట్టే అట్టపెట్టెల్లో ఉండిపోయాయి. ఒక్కదాన్నీ పుల్లీ మీద వేసి చూడలేదు. వెనకే వస్తున్న ఇంకో పాత వ్యాను నడుపుతున్న ముసలాయన ఆగి, తన పానా, తన పాత బెల్టు ఇచ్చాడు. ఆ పాత బెల్టే కొండ దాటించింది.

ఆ తర్వాత అమెరికా వెళ్లినప్పుడు ఈ కాలమిస్టు ఆ పని చేతులారా చేసి చూడాలని పట్టుబట్టాడు. ఇంజిను మూత ఎత్తితే జనరేటర్ పుల్లీ ఎదురుగా కనిపిస్తుంది. అది రెండు ముక్కలు. మధ్యలో పల్చటి వాషర్లుంటాయి. వెనక ముక్క అంచున ఒక గాడి. అందులో స్క్రూడ్రైవరు దూర్చి జనరేటర్ బోల్టుకు ఆనిస్తే పుల్లీ తిరగకుండా నిలబడుతుంది. అప్పుడు 21 నంబరు పానాతో నట్టు విప్పాలి. మధ్య నుంచి ఒక వాషర్ తీస్తే రెండు ముక్కలూ దగ్గరై బెల్టు గాడిలో పైకెక్కుతుంది, బిగుస్తుంది. ఒకటి చేరిస్తే వదులవుతుంది. బిగించాక బొటనవేలితో నొక్కితే 15 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాలి. అంతకంటే బిగిస్తే జనరేటర్ బేరింగు పోతుంది, వదిలేస్తే బెల్టు జారుతుంది. వేలికి ఆ అంచనా రావడానికి విప్పడం, బిగించడం కొన్నిసార్లు చేయాల్సిందే.

మధ్యలోంచి తీసిన వాషర్ సంగతే అసలు ముచ్చట. దాన్ని జేబులో వేసుకోరు, డబ్బాలో దాచరు. పుల్లీ బయటి వైపు, నట్టు కింద పెట్టి బిగిస్తారు. కొత్త బెల్టు వేసే రోజు అది మళ్లీ లోపలికి రావాలి. ఈ పుల్లీ గీసిన ఇంజినీరు స్పేరును ఎక్కడ ఉంచాలో నిర్ణయించేశాడు: అది పనిచేసే చోటికి అర అంగుళం దూరంలో, అదే ఇరుసు మీద.

అది చూశాక వెనక సీటు కింద పెట్టె మీద గౌరవం తగ్గింది. కుర్రాడు అప్పటికే తన పద్ధతి మార్చేశాడు. కొత్త బెల్టు వస్తే ఇంటి దగ్గరే బండికి వేసి, కొన్ని వారాలు నడిపి చూస్తాడు. తీసిన బెల్టు బాగుంటే అదే పెట్టెలోకి వెళ్తుంది. పాయింట్లూ అంతే, కండెన్సరూ అంతే. కండెన్సర్ విషయంలో ఇది మరీ అవసరం. ఇప్పుడొస్తున్న కొత్తవి నాసిరకమని, బిగించిన కొద్ది రోజులకే చచ్చిపోతున్నాయని పాత బండ్ల వాళ్లంతా మొత్తుకుంటున్నారు. కాగితం చుట్టి ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందని నమ్మకం లేదు. బండి మీద తిరిగి దిగిన పాతదానికి ఆ నమ్మకం ఉంది.

హోల్టోర్ఫ్ కథను కూడా మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ ఈ కాలమ్ ఆయన కప్పు మీది పెట్టెలనే చూసింది. మరమ్మతులు చాలావరకు తనే చేసుకున్నాడని, బండిని నిదానంగా, ఓపికగా నడిపాడని, బేరింగుల్లాంటివి అరగక తప్పదని ముందే ఒప్పుకుని మారుస్తూ పోయాడని పట్టించుకోలేదు. అంత దూరం బండిని నడిపించింది ఆ అలవాటే.

క్యాంపర్లలో తర్వాతి తరానికి ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. 1979లో వచ్చిన మూడో తరం వ్యానుకు కొన్నాళ్లకు నీళ్ల కూలింగు పెట్టారు. ఇంజిను వెనక, రేడియేటర్ ముందు. నీళ్లు బండి పొడవునా పోయి రావాలి. ఆ దారిలో ఎన్ని గొట్టాలో, ఎన్ని క్లిప్పులో. అన్నింటికీ స్పేర్లు మోయాలంటే మనుషులు కూర్చోవడానికి చోటుండదు. పైగా ఒక గొట్టం మార్చడంతో పని పూర్తికాదు. బండి ముందు భాగం ఎత్తి, రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేసి, ఇంజిను రేజు చేస్తూ గాలి బుడగలన్నీ పోయేదాకా నిలబడాలి. హైవే పక్కన, చీకట్లో, పిల్లలతో అది సాగే పని కాదు. పాతబడిన గొట్టాలన్నీ ఒకే శీతాకాలంలో ఇంటి దగ్గర మార్చుకోవడమే మేలు.

కాబట్టి స్టెప్నీ గురించి ఈ వారం రాయాలనుకున్న ఘాటు వ్యాసం రాయడానికి చెయ్యి రాలేదు. స్టెప్నీ ఉండాలి, అందులో మార్పు లేదు. కానీ డిక్కీలో ఏళ్ల తరబడి గాలి చూడకుండా పడున్న స్టెప్నీలు మన వీధిలోనే ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే భయం వేస్తుంది. అంతకంటే ముందు అడగాల్సింది రిపేరు పుస్తకం. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు' మీద కమిటీ వేసినప్పుడు పరిశీలించాల్సిన రంగాల్లో వాహనాలను కూడా చేర్చింది. మాన్యువల్, విడిభాగాల పట్టిక, అవి విప్పే పనిముట్లు కొన్నవాడికి అందాలి. అవి లేకుండా స్పేరు ఇస్తే, పానా లేని బెల్టు ఇచ్చినట్టే.

కుర్రాడి పెట్టె ఇప్పుడు బూట్ల అట్టపెట్టె సైజుకు తగ్గింది. వాడిన బెల్టు, పాయింట్లు, కండెన్సర్, రెండు కేబుళ్లు, ఫ్యూజులు. వాటిని విప్పి బిగించే పనిముట్లు గుడ్డలో చుట్టి విడిగా ఉన్నాయి. ప్రతి అయిదు వేల కిలోమీటర్లకు ఆయిలు మార్చి, రాత్రంతా చల్లారిన ఇంజిను మీద ట్యాపెట్లను 0.15 మిల్లీమీటర్లకు సరిచేస్తాడు. ఫీలర్ గేజ్ ఎప్పుడూ బండిలోనే ఉంటుంది.

పెట్టెలో ఎప్పటికీ పెట్టకూడనిది ఒకటుంది. పెట్రోలు గొట్టం స్పేరు. బండిలోని గొట్టం రోడ్డు మీద పోయేదాకా ఆగకూడదు. ఈ వ్యాన్లు ఎక్కువగా తగలబడేది దాని వల్లనే. పగిలిన రబ్బరు నుంచి వేడి ఇంజిను మీద పెట్రోలు చుక్క పడితే చాలు. ఇంజిను కేసు మెగ్నీషియం మిశ్రమం. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినకొద్దీ మంట పెరుగుతుంది. కుర్రాడు కిందటి నెల ఇంజిను దించి, ట్యాంకు దగ్గర చెయ్యి సరిగా అందని గొట్టంతో సహా అన్నీ మార్చాడు. గేర్‌బాక్సుకు పట్టి ఉండే నాలుగు బోల్టులు, వెనక అడ్డపట్టీ, కేబుళ్లు విప్పితే ఇంజిను జాకీ మీదకు దిగుతుంది. కొత్తగా వేసినవి ఇథనాల్‌ను తట్టుకునే రకం. అక్కడి పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుస్తుంది.

మన దగ్గర ఇప్పుడు కలుస్తున్నది ఇరవై శాతం. పాత అంబాసిడర్, పద్మిని, మారుతి 800 ముచ్చటగా దాచుకున్నవాళ్లు ఈ ఆదివారం బానెట్ ఎత్తి, పెట్రోలు గొట్టాన్ని రెండు వేళ్లతో వంచి చూడాలి. వంపు మీద సన్నటి పగుళ్లు కనిపించినా, వేలికి జిగట అంటినా, పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన వచ్చినా, ఇథనాల్‌కు పనికొచ్చే గొట్టం, కొత్త క్లిప్పులు అడిగి తెచ్చుకుని, మార్చేదాకా బండి స్టార్టు చేయకుండా ఉంచాలి.