శిల్పం లోపించిందట!

కొత్తగా రాసేవాళ్ళకి మనం తేలిగ్గా విసిరే మాట "శిల్పం లోపించింది". ఆ శిల్పమేమిటో చెప్పమంటే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. ఈ జబ్బు మనకొక్కళ్ళకే లేదు. నైజీరియాలో, ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో చదివే రోజుల్లో చినువా అచెబె, ఇంగ్లీషు విభాగం పెట్టిన పోటీకి ఒక కథ పంపాడు. బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. అచెబె కథ బావుందంటూనే శిల్పం లేదన్నారు. కుర్రాడు ఊరుకోకుండా లెక్చరర్ దగ్గరికెళ్ళి, అదేదో నేర్పమని అడిగాడు. తర్వాత చూద్దామందావిడ. చివరికి, మళ్ళీ చదివితే ఆ కథలో లోపమేమీ కనబడలేదని చెప్పిందట. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి అచెబెయే రాసుకున్న సంగతిది.

అదే క్యాంపస్‌లో 'యూనివర్సిటీ హెరాల్డ్' అని విద్యార్థుల పత్రిక ఉండేది. 1950లో అచెబె తొలి రచన 'పోలార్ అండర్‌గ్రాడ్యుయేట్' అందులోనే వచ్చింది. తోటి విద్యార్థుల మీద సరదాగా రాసిన ముక్క అది. 1951-52లో ఆ పత్రికకి ఆయనే ఎడిటర్. నిన్న రచన పంపినవాడు ఇవాళ తోటివాళ్ళ రచనలు చదివి, ఏది వెయ్యాలో తేల్చే కుర్చీలో కూచున్నాడు. ఈ అవకాశం పెద్దవాళ్ళ పత్రికలో దొరకదు.

తోటివాళ్ళు మొహమాటపడతారనుకుంటే పొరపాటే. కేంబ్రిడ్జిలో చదివేటప్పుడు సిల్వియా ప్లాత్ కవితలు 'చెకర్' అనే విద్యార్థి పత్రికలో వచ్చాయి. మరో విద్యార్థి పత్రికలో ఒకతను వాటిని చీల్చి చెండాడాడు. 1956 ఫిబ్రవరిలో అతని మిత్రబృందమే 'సెయింట్ బొటాల్ఫ్స్ రివ్యూ' తెచ్చింది. ప్లాత్ ఆ సంచిక కొని చదివి, ఆవిష్కరణ పార్టీకి వెళ్ళి, విమర్శ రాసినతనికి ఓ చురక వేసింది. టెడ్ హ్యూస్‌ని మొదటిసారి చూసిందీ అక్కడే. ఆ ప్రేమకథ అందరికీ తెలుసు. తన కవితల్ని అంత పట్టించుకుని చదివిన మనిషి, వెళ్ళి మాట్లాడగలిగేంత దగ్గర్లో ఉండడం నాకు అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది.

ఇక మన కాలేజీ మేగజీన్లు. నేను చూసినవాటిలో ప్రిన్సిపాల్ గారి సందేశం, గ్రూప్ ఫోటోలు, తెలుగు, ఇంగ్లీషు, హిందీ విభాగాలు తప్పకుండా ఉంటాయి. స్టూడెంట్ ఎడిటర్ పేరూ ఉంటుంది, కానీ కథల్ని ఏరేది సాధారణంగా లెక్చరరే. కథ వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో చెప్పరు. వేస్తే ఎందుకు వేశారో అదీ చెప్పరు. రాసిన పిల్లకి అచ్చులో పేరు దొరుకుతుంది, పాఠకుడు దొరకడు.

పిల్లలకేం తెలుసు, వాళ్ళ చేతికిస్తే స్నేహితులవే వేసుకుంటారు అనొచ్చు. నిజమే, ముఠాలు కడతారు. పెద్దల పత్రికల్లో మాత్రం ముఠాలు లేవా? అమెరికాలో చాలా విద్యార్థి పత్రికలు రచయిత పేరు తీసేసి, నలుగురైదుగురు కలిసి చదివి, వాదించుకుని తేలుస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. మనమూ చెయ్యొచ్చు.

ఇంకొక్కటి కావాలి: తిప్పి పంపే ప్రతి కథకీ రెండు వాక్యాలు. "మూడో పేజీ దాకా మీ కథ మొదలవలేదు" అంటే చాలు, రాసినవాళ్ళకి సరిదిద్దుకోడానికి ఒక చోటు దొరుకుతుంది. కోపమొస్తే క్యాంటీన్‌లో పట్టుకుని పోట్లాడొచ్చు కూడా. పాతిక కథలు గుడ్డిగా అచ్చేసే సంచిక కన్నా, మూడే వేసి మిగిలినవాళ్ళందరికీ ఆ రెండు వాక్యాలు రాసే పత్రికకే కథ పంపమని మా వీధి పిల్లలకి చెబుతాను.