పేరులేని మొక్కలు

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున తోలుపై వ్రాసిన ప్రాచీన గ్రంథమొకటి గలదు. 1912లో దానిని కొన్న పుస్తక వ్యాపారి వాయ్‌నిచ్ పేరే దానికి నిలిచినది. అందలి లిపిని నేటికిని ఎవ్వరును నిశ్చయముగా చదువలేకపోయిరి. నూటికి పైగా మొక్కల బొమ్మలున్నవి. ఒకదాని వేరు మృగమును పోలును. మరియొకదానికి ఒక జాతి ఆకును వేరొక జాతి పువ్వును అతికించినట్లుండును.

ఈ మొక్కలను గుర్తించిన పద్ధతిని గూర్చియే మా విమర్శ. 1944లో హ్యూ ఓనీల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అందొకటి ప్రొద్దుతిరుగుడనియు, మరొకటి మిరప యనియు ప్రకటించెను. రెండును అమెరికా ఖండపు మొక్కలే. మన ఆవకాయలోని మిరపయు అక్కడిదే. కనుక గ్రంథము 1492 నాటి కొలంబసు యాత్రకు తరువాతిదని ఆయన వాదము. 2013లో టకర్, టాల్బర్ట్ అనువారు పెక్కు మొక్కలను మెక్సికోకు చేర్చిరి. కాని 2009లో తోలును పరీక్షింపగా అది 1404–1438 నడుమ నాటిదని అంతకు మునుపే తేలియున్నది. తోలు వయస్సు వ్రాత వయస్సు కాదనవచ్చును, నిజమే. అయినను అర్ధశతాబ్దికి మించి ఖాళీ తోలును దాచిరనుటకు వేరు సాక్ష్యము వలయును గదా!

ఆ పండితుల శ్రమను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. మేము చిరకాలము గుమాస్తా పని చేసినవారము. సంతకము, తేదీ లేని కాగితమును చేవ్రాత పోలికతోనే ఒకరి ఫైలులో చేర్చరాదని ఎరుగుదుము. పోలిక మొదటి మెట్టే గాని తీర్పు కాదు. వేరు, ఆకు, పువ్వు ఒక్క మొక్కకే కుదరవలెను, కాలమును కుదరవలెను.

ఇందుకు భిన్నమైన గ్రంథము మన తీరముననే పుట్టినది. సామర్లకోటలో నివసించిన డాక్టరు రాక్స్‌బరో, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, 1795 మొదలుకొని కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమును వెలువరించెను. అందు 300 చిత్రములు గలవు. స్థానికుల నడిగి తెలుగు పేర్లను గూడ చేర్చెను. అందొకటియైన సోమిద చెట్టు పేరు లాటిను శాస్త్రనామములో ‘సోయ్మిడా’ యై నేటికిని నిలిచియున్నది. బొమ్మకు పేరు తోడైనందున ఆ చెట్టు విషయమున తగవు లేదు.

పరరాష్ట్రములలో తరతరములుగా నున్న మన పిల్లలు పెరటి మొక్కను స్థానిక భాషలోనే ఎరుగుదురు. అది దోషము కాదు. కాని అవ్వ పలికిన తెలుగు పేరును ప్రక్కనే వ్రాసియుంచని యెడల, ఆమెతోడనే అదియు పోవును. పిదప ఎంతటి పండితుడు వచ్చినను ఊహింపవలసినదే.