టిప్ అతికించే చేయి

పుదుచ్చేరి సముద్రపు తేమకు బిలియర్డ్స్ ఆడే చెక్క క్యూ కర్ర వంగొచ్చు, కార్బన్ ఫైబర్ కర్ర వంగదు. కొన బరువు తగ్గించిన కొత్త కర్రలతో, సైడ్ పెట్టి, అంటే బంతి మధ్యలో కాక పక్కకు, కొట్టినప్పుడు తెల్లబంతి గురి తప్పడమూ తగ్గింది. మంచిదే. ఆటగాడి నైపుణ్యం మాత్రం పెరగలేదంటాను, చేసుకోవాల్సిన సవరింపు తగ్గిందంతే. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచింది చెక్క కర్రతోనే.

నా మెప్పంతా బిలియర్డ్స్ పార్లర్లో కర్ర కొనన టిప్ మార్చే మనిషికి. పాత జిగురు గీకి, కర్ర కొన తొడుగు ఫెరూల్‌ను చదును చేసి, తోలుబిళ్ల అతికిస్తాడు. ఆరాక అంచులు చెక్కి, నాణెం అంచులాంటి వంపు వచ్చేదాకా శాండ్‌పేపర్‌తో రుద్దుతాడు. ఆ వంపు చెడితే, చాక్ నిలవకపోతే, ఎంత ఖరీదైన కర్రయినా బంతి మీద జారుతుంది. కర్ర కొనకు తోలు తెచ్చిన ఘనత 19వ శతాబ్దపు తొలినాళ్ల ఫ్రెంచి సైనికాధికారి ఫ్రాన్స్వా మింగోది. నేటి కార్బన్ కర్రల కొనన కూడా ఎక్కువగా ఉండేది తోలే.