నాబోతు తోట - పాపం పండిన కథ

దుర్మార్గుడు చివరికి నాశనమవుతాడని బైబిలు చాలాచోట్ల చెబుతుంది. కీర్తనల్లో ఉంది, సామెతల్లో ఉంది. వినడానికి ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ 'చివరికి' అనే మాటలో ఎన్నేళ్ళున్నాయి, ఆలోపు ఎవరేం పోగొట్టుకున్నారు అనేది కథలు చదివితేనే తెలుస్తుంది. అందుకే రాజులు మొదటి గ్రంథం 21వ అధ్యాయంలోని నాబోతు కథను తీసుకున్నాను.

యెజ్రెయేలులో అహాబు రాజు నగరు పక్కనే నాబోతుకు ద్రాక్షతోట ఉంది. రాజు దాన్ని కూరతోట చేసుకోవాలనుకున్నాడు. బదులు తోట ఇస్తానన్నాడు, డబ్బు ఇస్తానన్నాడు. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. అంతే, రాజు అలిగి, భోజనం మానేసి, ముఖం తిప్పుకొని పడుకున్నాడు. కథ చెప్పినవారు ఇక్కడ రాజును ఒక్క మాటా అనలేదు. ఆ పడుకోవడంతోనే అతడెంత చిన్నవాడో చూపించారు. నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

తర్వాత రాణి యెజెబెలు రాజు పేరుతో ఉత్తరాలు రాసి, ముద్ర వేసి ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించి, ఇద్దరు అబద్ధ సాక్షులచేత నాబోతు దేవుణ్ణి, రాజును దూషించాడని చెప్పించి, రాళ్ళతో కొట్టి చంపమంది. పెద్దలు అలాగే చేశారు. చూడండి, పైకి అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. ఉపవాసం ఉంది, సభ ఉంది, మోషే ధర్మశాస్త్రం అడిగినట్టు ఇద్దరు సాక్షులూ ఉన్నారు. న్యాయం వేషంలోనే అన్యాయం జరిగింది.

ఏలీయా వచ్చి శిక్ష చెప్పాడు. అహాబు గోనెపట్ట కట్టుకొని తగ్గాడు కాబట్టి అతని ఇంటిమీదికి రావలసిన కీడు కొడుకు కాలానికి వాయిదా పడింది. అహాబు మాత్రం రామోత్గిలాదు యుద్ధంలో మారువేషం వేసుకున్నా, ఎవరో గురి చూడకుండా వేసిన బాణం తగిలి చనిపోయాడు. రాణి ఇంకా బతికే ఉంది. కొడుకుల్లో అహజ్యా 2 ఏళ్ళు, యెహోరాము 12 ఏళ్ళు ఏలారు. అప్పుడు యెహూ వచ్చి యెహోరామును చంపి, శవాన్ని నాబోతు పొలంలోనే వేయించాడు. యెజెబెలును కిటికీలోంచి కిందికి తోసేశారు. పాపం పండింది అంటాం కదా, అది పండడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మరి నాబోతుకు ఏం దక్కింది? రాజులు రెండో గ్రంథం 9వ అధ్యాయం దాకా వెళితేగాని అతని కొడుకుల రక్తం కూడా కారిందని మనకు తెలియదు. యోబుకు చివరలో ఆస్తి, పిల్లలు మళ్ళీ కలిగారు. నాబోతుకు అలాంటి ముగింపు లేదు. కొందరికి ఇది లోపంగా కనిపించవచ్చు. నాకైతే ఇదే ఈ కథ నిజాయితీ అనిపిస్తుంది. దుష్టుడు పడిపోవడం వేరు, నష్టపోయినవాడికి న్యాయం దొరకడం వేరు.

ఇంకో సంగతి. ఏలీయా హెచ్చరిక రాజుకు, రాణికి, వాళ్ళ ఇంటివాళ్ళకు. ఉత్తరం అందుకున్న పెద్దల శిక్ష గురించి ఆ అధ్యాయం ఏమీ చెప్పదు. కానీ రెండో గ్రంథం 10వ అధ్యాయంలో మళ్ళీ ఉత్తరాలు వస్తాయి. ఈసారి రాసింది యెహూ. షోమ్రోనులోని పెద్దలు అహాబు కుమారులు 70 మందిని చంపి తలలు పంపించారు. రాజు మారాడు గాని, ఉత్తరం రాగానే తల ఊపే అలవాటు మారలేదు. రెండు చోట్లా రాసినవాళ్ళు వేరు, భయపడి చేసినవాళ్ళు మాత్రం పెద్దలే.

కాబట్టి 'దుర్మార్గుల సంగతి దేవుడే చూసుకుంటాడులే' అని ఊరుకోవడానికి ఈ కథ పనికిరాదు. దేవుడు చూసుకున్నాడు, నిజమే. కానీ ఏలీయా తోటలోకి వచ్చేసరికి నాబోతు చనిపోయాడు. అంతకుముందే సభలో ఒక్క పెద్దమనిషి లేచి 'ఈ సాక్ష్యం అబద్ధం' అనవలసింది.