ఏడు కొలతల గులాబీ

టైర్ల దుకాణంలో ముక్కుకు ముందు తగిలేది రబ్బరు కంపు. అక్కడ ఒక టైరు గులాబీ పరిమళం వెదజల్లితే కొనేవాడు దాన్ని మరిచిపోడు. జపాన్‌కు చెందిన సుమిటోమో రబ్బర్ ఇండస్ట్రీస్ వాదనకు ఇదే బలం. తన టైర్ల గులాబీ వాసనను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని ఆ సంస్థ 2023లో మన రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టింది. 2025 నవంబరులో కంట్రోలర్ జనరల్ దాన్ని అంగీకరిస్తూ, జర్నల్‌లో ప్రకటించమని ఉత్తర్వు ఇచ్చారు. మన దేశంలో ఒక వాసన అంతదూరం రావడం ఇదే మొదలు.

1999 నాటి చట్టం వాసనల ఊసే ఎత్తదు, కాదనీ అనదు. మార్కు ఒకరి సరుకును మరొకరి సరుకు నుంచి వేరుచేయాలి, కాగితం మీద గీసి చూపడానికి వీలుండాలి అంటుంది, అంతే. మొదటి షరతుతో పెద్ద చిక్కు లేదు. గులాబీ వాసన అగరుబత్తికి సహజం, టైరుకు కాదు. చిక్కంతా రెండోదానితోనే. వాసనను గీయడం ఎలా?

ఇదే వాసనకు 1996లో బ్రిటన్‌లో నమోదు దొరికింది, అదీ కేవలం మాటల వర్ణనతో. 2002లో జీక్‌మన్ కేసులో యూరప్ న్యాయస్థానం ఆ దారి మూసేసింది. రసాయన సూత్రం పదార్థాన్ని చెబుతుంది గాని వాసనను కాదు, వర్ణనకు కచ్చితత్వం లేదు, నమూనా నిలవ ఉండదు అంది. మూడూ కాదనలేని మాటలే. తర్వాత యూరప్ గీసి చూపాలన్న షరతునే ఎత్తేసింది. మనం ఎత్తేయలేదు. శబ్దానికైతే 2017 నిబంధనలు ముప్పై సెకన్లు మించని ఎంపీ3నీ, స్వరలిపినీ అడిగి ఊరుకున్నాయి. వాసనకు అలాంటి ఏర్పాటేమీ లేదు.

ఈ దరఖాస్తు కోసం వాసనను గీసిపెట్టిన అలహాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకుల పనితనం ఇక్కడే కనిపిస్తుంది. వాళ్లు గులాబీని వర్ణించలేదు, కొలిచారు. పూలు, పండ్లు, కలప, గింజపప్పులు, ఘాటు, తీపి, పుదీనా అని ఏడు మూల వాసనలు తీసుకుని, టైరు పరిమళంలో ఏది ఎంత మోతాదులో ఉందో అంకెల్లో పెట్టి, ఆ ఏడింటినీ కలిపి ఒక వెక్టర్‌గా గీశారు. జీక్‌మన్ తీర్పులోని అభ్యంతరాలు ఒక్కొక్కటే దీని ముందు పట్టు సడలుతాయి. ఇది పదార్థం పేరు కాదు, విశేషణాల మూట కాదు, సీసాలోంచి ఆవిరైపోయేదీ కాదు. పరీక్షకుల అభ్యంతరాల దగ్గరే ఫైలు మూసేయకుండా, న్యాయవాది ప్రవీణ్ ఆనంద్‌ను సహాయకుడిగా పిలిపించుకున్న రిజిస్ట్రీ ఓపికనూ మెచ్చుకోవాలి. ఆఫీసు గదుల్లో ఇలాంటి కుతూహలం తరచుగా కనబడేది కాదు.

నా సందేహం బొమ్మ మీద కాదు, దాని వాడకం మీద. కొనేవాడి దగ్గర ఉండేది ముక్కే గాని వెక్టర్ కాదు. రేపు ఇంకో కంపెనీ మల్లెవాసన టైరు తెస్తే, పూల కొలతలో అదీ ఎత్తుగానే నిలబడుతుంది. తేడా చెప్పాల్సింది మిగతా ఆరు అంకెలే. అవి ఎంత దగ్గరైతే అనుకరణ అవుతుందన్న హద్దును మాత్రం ఆ బొమ్మలో ఎవరూ గీయలేదు.