ఏది జబ్బు, ఏది వయసు?

‘ఆన్ బీయింగ్ ఎ క్రిపుల్’ వ్యాసాన్ని నాన్సీ మెయిర్స్ మరుగుదొడ్డిలో మొదలుపెడుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో పట్టు తప్పిన ఒళ్ళు, వెనక్కి పడిపోవడం, ఎవరూ లేరు కదా అని పైకే నవ్వుకోవడం. ‘కుంటిది’ అనే తనని తాను పిలుచుకుంటానని పట్టుబడుతుంది. మెత్తటి మాటలు ఎవరి సౌకర్యం కోసమో ఆమెకి తెలుసు.

1986లో ‘ప్లెయిన్‌టెక్స్ట్’ పుస్తకం వచ్చేసరికి ఆమెకి నలభై దాటాయి. అయినా ఆ వ్యాసంలో ముట్లుడగడం ఊసు లేదు. (రజోనివృత్తి అని రాస్తే అదీ మెత్తటి మాటే.) ఆమెను తప్పు పట్టను. వైద్యం మాత్రం ఏం మాట్లాడింది గనక? ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందనీ, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరుగుతుందనీ 254 మంది స్త్రీలను గమనించి 1998లోనే చెప్పగలిగారు. బిడ్డను మోసే గర్భసంచి మీద ఉన్న శ్రద్ధ, పని ముగించుకున్న గర్భసంచి మీద లేకపోయింది. ముట్లుడిగాక జబ్బు ముదిరితే అది హార్మోన్ల వల్లా, వయసు వల్లా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఒంట్లోంచి ఎగదన్నే ఆ ఆవిర్లు ఈ జబ్బున్న మనిషికి ఉత్త చిరాకు కాదు. వేడి కాస్త పెరిగినా దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగిస్తాయి. చూపు మసకబారుతుంది, కాళ్ళు మొరాయిస్తాయి. ఊట్‌హాఫ్ 1890లో గుర్తించిన సంగతే. నిద్రలేమి, నీరసం, మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం రెంటిలోనూ ఉన్నవే. నరాల డాక్టరు ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి పంపుతాడు, ఆవిడ తిరిగి ఆయన దగ్గరికి.

మెయిర్స్ పడిన ఆ గదిలోనే, యాభై దాటి, చెమటలో తడిసి పడిన ఇంకో స్త్రీ రాసిన వ్యాసం కోసం వెతుకుతున్నాను.