కళల సంతలో సాయిబు పేరు

ఢిల్లీ ఓఖ్లాలోని ఎన్.ఎస్.ఐ.సి. మైదానంలో ఏటా చలికాలం చివర ఒక పెద్ద సంత జరుగుతుంది. దాని పేరు ఇండియా ఆర్ట్ ఫెయిర్. సంత అంటే నిర్వాహకులు నొచ్చుకుంటారేమో గానీ అది సంతే. గుడారాలుంటాయి, దుకాణాలుంటాయి, బేరాలుంటాయి, కొనకుండా చూసిపోయే మనలాంటి జనం ఉంటారు. మన అంగట్లో సరుకు ధర అరిచి చెప్తారు. ఇక్కడ అడిగే స్తోమత ఉన్నవాడికి చెవిలో చెప్తారు. అంతే తేడా.

ఆ గుడారాల్లో తిరిగే ముస్లిం కంటికి బొమ్మలకంటే ముందు పేర్లు కనిపిస్తాయి. హుసేన్, రజా, తయ్యబ్ మెహతా, జరీనా. ఈ దేశంలో అద్దె ఇంటికోసం వెళ్లి ఇలాంటి పేరు చెప్తే ‘మావాళ్లు ఒప్పుకోరండీ’ అంటారు. అవే పేర్లు ఇక్కడ గోడల మీద కోట్లు పలుకుతాయి. మా సెక్యులర్ మిత్రులు అది చూసి సంతోషిస్తారు. ‘చూశారా, కళకు మతం లేదు’ అంటారు. కళకు లేకపోవచ్చు. సంతకు ఉందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ సంత మొదట 2008 ఆగస్టులో ప్రగతి మైదాన్‌లో ఇండియా ఆర్ట్ సమ్మిట్ పేరుతో మొదలైంది. భారతీయ ఆధునిక కళనంతా ఒక చోటికి తెస్తామన్న ఆ ప్రదర్శనలో మక్బూల్ ఫిదా హుసేన్ బొమ్మ ఒక్కటీ లేదు. భద్రత కారణం చూపించారు. అప్పటికి మూడు నెలల ముందే, 2008 మేలో, ఢిల్లీ హైకోర్టు హుసేన్ మీద పెట్టిన కేసుల్ని కొట్టేసింది. చట్టం వదిలేసిన మనిషిని మార్కెట్ వెలివేసింది. దానికి నిరసనగా సహమత్ సంస్థ తన ఆవరణలో హుసేన్ బొమ్మల నకళ్లు, ఫొటోలు పెడితే వాటిని కూడా ధ్వంసం చేశారు. 2009లోనూ సమ్మిట్‌లో హుసేన్ లేడు. 2011 జనవరిలో ఆయన బొమ్మలు వేలాడదీశారు, బెదిరింపులు రాగానే దింపారు, మళ్లీ కాపలా మధ్య ఎక్కించారు. ఆ జూన్ 9న హుసేన్ లండన్‌లో చనిపోయాడు. పండరిపురంలో పుట్టినవాడు ఇంగ్లండులో ఖననమయ్యాడు.

ఇంత కోపానికి కారణమేమిటి? 1970ల్లో గీసిన దేవతల బొమ్మలు. వాటిని చూసినవాళ్లెవరికీ ఇరవై ఏళ్లపాటు మనోభావాలు దెబ్బతినలేదు. 1996లో ఒక హిందీ పత్రిక వాటిని అచ్చేశాక ఒక్కసారిగా దెబ్బతిన్నాయి. 1998లో బొంబాయిలో ఆయన ఇంటి మీద దాడి జరిగింది. బొమ్మలో గీత మారలేదు, రంగు మారలేదు. మారింది దేశం. మధ్యలో 1992 డిసెంబరు 6 ఉంది. బొమ్మ కింద సంతకాన్ని చదివే పద్ధతి ఆ తర్వాత మారింది. అంతకు ముందు అది చిత్రకారుడి సంతకం. ఆ తర్వాత సాయిబు సంతకం.

హుసేన్ రామాయణాన్ని గీసింది మన హైదరాబాదు కోసమేనన్న సంగతి చాలామందికి గుర్తులేదు. రామ్‌మనోహర్ లోహియా మాట మీద, బద్రీవిశాల్ పిత్తీ కోసం ఏళ్ల తరబడి ఆ బొమ్మలు వేశాడు. వాటిని ఎడ్లబండి మీద హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లామనీ, ఎవరూ అభ్యంతరం చెప్పలేదనీ ఆయనే చెప్పుకున్నాడు. టికెట్ లేని ఆర్ట్ ఫెయిర్ అది. అక్కడ పోలీసు కాపలా అక్కర్లేకపోయింది. ఢిల్లీ గుడారంలో కావలసి వచ్చింది. చదువుకున్నవాళ్ల సహనం గురించి గొప్పగా మాట్లాడేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. 2004లో హుసేన్ ‘మీనాక్షి’ అనే సినిమా తీశాడు. కథలో హైదరాబాదు ఉంది. అందులోని ఒక పాట ఖురాన్‌ను అవమానించిందని కొన్ని ముస్లిం సంస్థలు గొడవ చేశాయి. హుసేన్ సినిమాను థియేటర్ల నుంచి తీసేశాడు. ఆ రోజు మనలో ఎంతమంది నోరు విప్పారు? వాళ్లు బొమ్మలు దింపితే అన్యాయం, మనం సినిమా దింపితే ఈమానా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా హుసేన్ మావాడని చెప్పుకునే హక్కు మనకు రాదు.

ఇక జరీనా హాష్మీ. 1937లో అలీగఢ్‌లో పుట్టింది. తల్లిదండ్రులు తర్వాత కరాచీ వెళ్లిపోయారు. తను దేశదేశాలు తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడింది. 2020లో లండన్‌లో చనిపోయింది. ఇల్లే పరాయి చోటు అనే అర్థమొచ్చే పేరుతో 1999లో ఆమె 36 చెక్క అచ్చుల వరస చేసింది. ప్రతి దాంట్లో ఒక నల్ల ఆకారం, ఒక ఉర్దూ మాట. 2001లో దేశవిభజన గీతను ఒక్కదాన్నే చెక్కి అచ్చేసింది. ఆ కాగితం మీద మనుషుల్లేరు, శవాల్లేరు, జెండాల్లేరు. ఒక గీత మాత్రం పాకుతూ పోతుంది. చాలామంది విమర్శకులు దీన్ని మినిమలిజం అంటారు. పేరు ఏదైనా పెట్టుకోండి. కానీ ఆ ఉర్దూ అక్షరాన్ని అలంకారమనుకునేవాడికి సగం బొమ్మే కనిపిస్తుంది. మిగిలిన సగం అమ్మ మాట్లాడిన భాష. మన సాహిత్యంలో విభజన అంటే మగవాళ్ల రాజకీయమో, ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారమో. ఒక ముస్లిం స్త్రీ తన ఇంటి నేలపటం గుర్తు తెచ్చుకుని గీస్తే అదీ చరిత్రేనని ఒప్పుకోవడం మనమూ నేర్చుకోవాలి.

గోడ మీద పేరున్నవాళ్ల మాట ఇది. పేరు లేనివాళ్లో? బీదరులోనూ హైదరాబాదులోనూ బిద్రీ పాత్ర మీద వెండి తీగ పొదిగే ఉస్తాదు ఉన్నాడు. పాతబస్తీలో జర్దోజీ పని మీద కళ్లు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. తివాచీ పేరు చరిత్రలో ఉంది, నేసినవాడి పేరు లేదు. సంతకం ఉంటే కళ, లేకపోతే చేతిపని. సంత నడిచేది ఈ లెక్క మీదనే. హుసేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసినవాడే. హోర్డింగు మీద హీరో పేరుంటుంది, గీసినవాడి పేరుండదు. ఆయన అక్కడే ఆగిపోయి ఉంటే ఎవరూ కేసులు పెట్టేవారు కాదు, ఎవరూ కోట్లు ఇచ్చేవారూ కాదు. ఈ దేశంలో ముస్లిం చేతికి రెండే దారులు మిగిలాయి. పేరు లేకుండా బతకడం, లేదా పేరుతో బోనెక్కడం.

ఇదంతా పాతకథ అనుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో, షాహీన్‌బాగ్ ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్న రోజుల్లో, ఆ ఆందోళన మీద బొమ్మలున్నాయన్న ఫిర్యాదుతో పోలీసులు ఈ ఫెయిర్‌లోకి వచ్చి విచారించారు. అదే ఓఖ్లా ప్రాంతం, అదే చలి. 2025 జనవరిలో ఢిల్లీ కోర్టు ఒకటి, గ్యాలరీలో ప్రదర్శించిన రెండు హుసేన్ బొమ్మల్ని స్వాధీనం చేసుకోమని ఆదేశించింది. ఆ మార్చిలో న్యూయార్క్ వేలంలో 1954 నాటి హుసేన్ చిత్రం ‘గ్రామయాత్ర’ సుమారు 118 కోట్ల రూపాయలు పలికింది. భారతీయ ఆధునిక చిత్రానికి అప్పటికి అదే రికార్డు. ఈ రెంటికీ నడుమ ఫిబ్రవరిలో సంత మామూలుగా జరిగిపోయింది. జప్తూ రికార్డూ ఒకే మనిషికి, ఒకే చలికాలంలో. 2025 నవంబరులో ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు, దోహాలో.

ధర గౌరవం కాదు. కొన్నవాడు బొమ్మను కొన్నాడు, బొమ్మ వెనక బతుకును కాదు. చనిపోయిన హుసేన్ ఎవరికీ ఇబ్బంది కాడు. అందుకే ఖరీదయ్యాడు. మా సెక్యులర్ మిత్రుల్ని అడిగేది ఒకటే. ఆయన బొమ్మ ముందు నిలబడి మురిసిపోయేటప్పుడు, 2008లో ఖాళీగా ఉంచిన గోడను కూడా చూడండి. భారతీయ ఆధునిక కళలో మన కాలం గురించి ఎక్కువ చెప్పిన గోడ అదే.